వదులు కాని గౌను

"ఏమండీ... లేవలేకపోతున్నానండీ!"

ఆ కేక విని కత్తెరక్క భర్త కుడుతున్న చొక్కాను అలాగే వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. కోత బల్ల మీద సగం కత్తిరించిన స్కూలు యూనిఫాం గుడ్డ, దాని మీదకి వంగిన భార్య! వంగింది వంగినట్టే ఉండిపోయింది. చేతిలోని కత్తెర జారి కింద పడింది. నడుములో ఎవరో మేకు దిగ్గొట్టినట్టుంది... అటు కదలలేదు, ఇటు కదలలేదు! కళ్ళవెంట నీళ్ళు ధారగా కారి గుడ్డ మీద పడుతుంటే, అంత బాధలోనూ "అయ్యో, మరకవుతుందేమో" అని అరచేత్తో తుడుస్తోంది పిచ్చితల్లి!

ఆవిడ అసలు పేరేమిటో వీధిలో సగం మందికి తెలియదు. మనిషిని ఒక్కసారి ఎగాదిగా చూసి గుడ్డ కోసేస్తుంది గనుక అందరికీ కత్తెరక్కే. ఆవిడ కోస్తేనే ఆయన కుట్టేది. ఆవిడ చెయ్యి ఆగిందంటే కొట్టు మూతపడ్డట్టే! ఏళ్ళ తరబడి బల్ల మీదకి వంగీ వంగీ నడుముకి నొప్పి పట్టుకుంది. నొప్పి ఉందని నడక మానేసింది. నడక మానేసిందని ఒళ్ళొచ్చింది. ఒళ్ళొచ్చిందని నొప్పి ఇంకా పెరిగింది. ఇలా ఒకదాని కొంగు ఒకటి పట్టుకుని తిరుగుతుంటే ఏది మొదలో ఏది చివరో ఎవరు చెప్పగలరు!

డాక్టరమ్మ మాత్రం దాచకుండా చెప్పింది. "చూడమ్మా, పొట్ట ముందుకి లాగుతుంటే వెన్నుపూస వెనక్కి లాక్కుంటూ రోజంతా పెనుగులాడుతోంది. కొంచెం బరువు తగ్గితే దానికి కాస్త ఊపిరి. నొప్పి మొత్తం పోతుందని మాటివ్వను. సగానికి సగం తగ్గినా తగ్గినట్టేగా? నెమ్మదిగా తగ్గు. రోజూ నడువు. బల్ల ఎత్తు చేయించుకో. తిండి మాత్రం మానేశావంటే ఊరుకోను!"

అన్నీ వింది కత్తెరక్క. కానీ మనసులో నాటుకుంది ఒక్కటే... తగ్గాలి!

ఆ ఇంట్లో మూడో మనిషి అత్తగారు. పెద్దావిడ మాట్లాడేది బహు తక్కువ. ఒక్కగానొక్క కూతురు, ఇంట్లో అందరూ చిన్నమ్మాయి అని పిలుచుకున్న పిల్ల, అంతుపట్టని జబ్బుతో పుల్లలా ఎండిపోయి, ఈ ఇంట్లోనే, ఆ వెనక గదిలోనే కన్నుమూసింది. కత్తెరక్క కాపురానికి రాకముందు మాట అది. ఆ పిల్ల కుట్టుకునే మిషను ఇప్పటికీ ఆ గదిలో దుప్పటి ముసుగేసుకుని ఉంది. కూతురు పోయాక పెద్దావిడ కుట్టుపని మానేసింది, వీధి గుమ్మం దాటడం మానేసింది. కళ్ళు కూడా మసకబారాయి. ఇంటిల్లిపాది బట్టలూ ఉతికి ఇస్త్రీ చెయ్యడమొక్కటే ఆవిడ పని. ఆ ఇంటికి ఆవిడ పెట్టిన కట్టడి కూడా ఒక్కటే.

"ఇంటి మనుషులకి టేపు పెట్టకూడదు."

చిన్నమ్మాయి నడుముకి ఆ తల్లి రోజూ పొద్దున్నే టేపు చుట్టి చూసుకునేదట, ఈ రోజైనా కాస్త పెరిగిందేమోనని... రోజూ ఇంకాస్త తగ్గేదట! అప్పటి నుంచీ ఆ ఇంట్లో ఎవరికి ఏం కుట్టుకున్నా పాత బట్ట ఆది పెట్టుకునే కోస్తారు. కొలతలతో బతికే ఇంట్లో సొంత ఒంటికి కొలత లేదు. వింతే! కానీ తల్లి కడుపుకోత ముందు ఎవరు నోరెత్తుతారు?

కత్తెరక్క తిండి తగ్గించింది. పొద్దున్నే పార్కు చుట్టూ నడిచొచ్చింది. కొన్నాళ్ళకి నొప్పి నిజంగానే పలచబడింది! పొద్దున్న మంచం మీంచి మూలగకుండా లేచిన రోజు ఆవిడకి ఏడుపొచ్చేసింది. "ఏమండీ, చూశారా! గోడ పట్టుకోకుండా లేచాను!" అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఆ సంబరంతోనే పని గౌను తొడుక్కుంది... తొడుక్కుని అలాగే నిలబడిపోయింది.

గౌను కాస్తయినా వదులు కాలేదు. నడుము దగ్గర అప్పటిలాగే కరుచుకునే ఉంది!

"ఇంకా తగ్గలేదన్నమాట" అనుకుంది నీరసంగా. ఇంకో పూట తిండి మానేసింది. మరికొన్నాళ్ళు పోయాక రెండో గౌను వేసుకుంది. అదీ అంతే! ఊళ్ళోవాళ్ళేమో ఇంకోలా అంటున్నారు. గుండీలు కుట్టడానికి వచ్చే పక్కింటావిడ, అందరూ గుండీల పిన్ని అంటారు, బుగ్గలు నొక్కుకుంది. "అదేమిటే అమ్మాయ్, సగమైపోయావు! మీ ఆయన తిండి పెట్టడం లేదా, లేక ఆ సగం ఎక్కడైనా దాచాడా?"

కత్తెరక్క నవ్వేసి ఊరుకుంది. మనుషులు మొహమాటానికి అంటారు. బట్టకి మొహమాటమేమిటి? పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచీ గుడ్డనే నమ్ముకున్న మనిషి, నాలుగు నోళ్ళ మాట నమ్ముతుందా! మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళి బరువు చూపించుకుందామంటే సిగ్గు. "ఏం తగ్గావమ్మా?" అని డాక్టరమ్మ నిలదీస్తే ఏ మొహంతో చెప్పాలి?

ఒకరోజు కొట్లో నిలువుటద్దం ముందు ఆగింది. అద్దంలో ముఖం పీక్కుపోయి, కళ్ళు లోతుకి పోయి, మెడ ఎముకలు తేలి... ఎవరో జబ్బుమనిషి! మెడ కిందనుంచి మాత్రం గౌను ఎప్పటిలాగే ఒంటికి అతుక్కుని ఉంది. ముఖం ఒకరిది, ఒళ్ళు ఇంకొకరిది అయినట్టు! ఊపిరి పీలిస్తే గౌను కూడా లోపలికి పీల్చుకున్నట్టనిపించింది. వెనకనుంచి రెండు చేతులు నడుము చుట్టూ వేసి ఎవరో పట్టుకున్నారు... వదలడం లేదు... తను తగ్గేకొద్దీ ఇంకా దగ్గరకి లాక్కుంటున్నారు!

ఆ మధ్యాహ్నమే మొదటిసారి ఆ చప్పుడు వింది.

భర్త యూనిఫాంలు ఇచ్చిరావడానికి వెళ్ళాడు. కొట్టు తలుపు సగం వేసుంది. కత్తెరక్క ఒక్కతే గుడ్డ మడతలు వేస్తోంది. వెనక గదిలోంచి... టకటకటక... టకటక... కాలిమిషను చప్పుడు! కాసేపు నడిచి, ఆగి, మళ్ళీ నడిచి. ఆ ఇంట్లో తిరిగే మిషన్లు రెండూ ఆవిడ కళ్ళముందే ఉన్నాయి. "అత్తయ్యా!" అని పిలిచింది. చప్పుడు ఠక్కున ఆగిపోయింది. ధైర్యం చేసుకుని వెనక గది తలుపు తోసింది. గదిలో ఎవరూ లేరు. మిషను మీద దుప్పటి కప్పినట్టే ఉంది. పెరట్లో అత్తగారు తీగ మీద బట్టలు ఆరేసుకుంటున్నారు. దుప్పటి కిందకి చెయ్యి పెట్టి చక్రాన్ని తాకింది కత్తెరక్క. వెచ్చగా ఉంది!

ఎవరితో చెప్పుకుంటుంది? చెబితే నవ్వుతారు, లేకపోతే పెద్దావిడ గుండె పగులుతుంది. చిన్నమ్మాయి తన చోటు కోసం వచ్చిందేమో... ఈ ఇంట్లో నేను తిరుగుతుంటే ఓర్వలేకపోతోందేమో... ఇలాంటి ఆలోచనలు పట్టపగలే చుట్టుముట్టేవి.

ఉండబట్టలేక ఒకరోజు కట్టడి కూడా తప్పబోయింది. కొట్లో ఎవరూ లేని వేళ చూసి టేపు తీసి నడుము చుట్టూ వేసుకుంది. చివర్లు రెండూ దగ్గరకి తెచ్చి అంకె చూడబోతోంది... అప్పటిదాకా వెనక గదిలో టకటకమంటున్న మిషను ఆగిపోయింది. గదిలోంచి ఎవరో ఊపిరి బిగబట్టి వింటున్నట్టు నిశ్శబ్దం! టేపు పాములా చేతిలోంచి జారిపోయింది. మళ్ళీ దాన్ని ముట్టుకుంటే ఒట్టు.

ఆ తరవాత ఆవిడ తిన్నదేమిటో, తాగిందేమిటో చెప్పుకోవడానికి కూడా ఏమీ లేదు. విచిత్రమేమిటంటే తగ్గిన నొప్పి మళ్ళీ మొదలైంది. ఇంతకు ముందుకన్నా ఎక్కువగా! నిలబడితే నడుము తేలిపోతోంది, లోపల పట్టి ఉంచేది ఏదీ లేనట్టు. "తగ్గకపోబట్టే కదూ నొప్పి!" అని ఇంకా కడుపు మాడ్చుకుంది. భర్త బతిమాలాడు, కసిరాడు, చివరికి కంచం ముందు కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"నాకోసం ఒక్క ముద్దే... నువ్వేమైపోతున్నావో నీకు తెలుస్తోందా?"

"గౌను చూడండి! పట్టేసి ఉంది! మీరు టైలరేనా అసలు?" అంది ఆవిడ.

ఆయన గౌను వైపు చూసి కంచం పక్కకి జరిపాడు. గౌను నిజంగానే పట్టేసి ఉంది మరి!

చివరికి ఒక పొద్దున కోత బల్ల పక్కనే కత్తెరక్క కుప్పకూలింది. గుండీల పిన్ని గుండెలు బాదుకుంటూ వచ్చి ముఖాన నీళ్ళు చల్లింది. "దీనికి ఊపిరాడడం లేదురా నాయనా! ముందు ఈ గౌను విప్పు!" గుండీలు తీసి, గౌను పైనుంచి లాగేసరికి అది తిరగబడి పిన్ని చేతుల్లోకి వచ్చింది.

లోపలివైపు, రెండు పక్కలా, కుట్టు లోపల కుట్టు, దాని లోపల ఇంకో కుట్టు... చెట్టు కొట్టేస్తే మొద్దులో కనిపించే వలయాల్లాగ వరసగా ఉన్నాయి! ప్రతి కుట్టూ చివర వెనక్కి మడిచి ముడి వేసి ఉంది. ఆ ముడి చూసి భర్త పాలిపోయాడు.

"ఇది... ఇది చిన్నమ్మాయి ముడి!"

తలుపు దగ్గర అలికిడైంది. అత్తగారు గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నారు.

"దానిది కాదురా. దానికి నేర్పింది నేనే" అన్నారు పెద్దావిడ.

తరవాత మాటలన్నీ ఆస్పత్రి మంచం దగ్గరే. చేతికి సెలైను సూదితో పడుకున్న కోడలి పాదాల దగ్గర కూర్చుని ఆ తల్లి చెప్పడం మొదలుపెట్టింది.

"నా చిన్నమ్మాయికి ముందు బట్టలే వదులయ్యాయే అమ్మాయ్... ఎంత సన్నబడ్డావే, బాగున్నావే అని మురిసిపోయాను కూడా! అదే మొదలు. ఇన్నేళ్ళకి ఒకరోజు నీ పక్కనుంచి వెళ్తుంటే నీ గౌను నడుము దగ్గర వదులుగా చేతికి తగిలింది. నా ప్రాణం పోయింది! వదులైతే దానికి తెలిసిపోతుంది..."

"దేనికత్తయ్యా?"

"నా బిడ్డని తీసుకుపోయిందే, దానికి! వదులు కనిపించకపోతే ఈ ఇంటివైపు చూడదనుకున్నాను. ఉతికినప్పుడల్లా కొంచెం కొంచెం కుట్టేసి, నీ కంట పడకుండా లోపలి కుట్లు ఇస్త్రీతో అణిచేశాను. నువ్వు పిలిస్తే పెరటి దారిన పారిపోయేదాన్ని. దాన్ని మోసం చేద్దామనుకున్నానే తల్లీ... నిన్ను మోసం చేస్తున్నానని తెలీలేదు! నా చేతులతో నేనే నిన్ను..."

కత్తెరక్కకి కోపం రావాలి. రాలేదు! కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో తిన్నావా అని కూడా అడగని మనిషి, తనకోసం ఇంత భయాన్ని ఒంటరిగా మోసిందా! తన నడుము మోసిన బరువు దీని ముందు ఎంత? సూది లేని చేత్తో అత్తగారి తల నిమిరి, "ఊరుకోండి అత్తయ్యా... ఇదిగో, ఉన్నాగా! ఎక్కడికీ పోలేదుగా!" అని తనూ వెక్కివెక్కి ఏడ్చింది.

డాక్టరమ్మ వచ్చి అందరికీ కలిపి చీవాట్లు పెట్టింది. "తగ్గవలసింది ఎప్పుడో తగ్గావు తల్లీ! నొప్పి పలచబడింది అందుకే. ఆ తరవాత కరిగింది కొవ్వు కాదు, వెన్నుని పట్టి నిలబెట్టే కండ! మళ్ళీ నొప్పి రాక ఏం చేస్తుంది? ఇకనుంచి కడుపునిండా తిని నడవాలి, నడుముకి బలమొచ్చే వ్యాయామం చెయ్యాలి. తెలిసిందా?"

ఆవిడ వెళ్ళాక భర్త తల్లి పక్కన చతికిలపడ్డాడు. "అయినా అమ్మా, నీకు సూది బెజ్జం కనిపించదు కదా! దారం ఎవరు ఎక్కించారు?"

పెద్దావిడ తెల్లబోయి చూశారు. "కుట్టడానికి వేళ్ళు చాలురా, ఎక్కించడం నావల్ల కాదు. ముసుగు తీసేసరికి ఎక్కించే ఉండేది. మీలో ఎవరో నాకు తెలియకుండా ఎక్కిస్తున్నారనుకున్నాను..."

భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆవిడా ఊపింది.

ఇంటికొచ్చాక కత్తెరక్క బుద్ధిగా తింది, ఎత్తు చేయించిన బల్ల దగ్గర నిటారుగా నిలబడి కోసింది. మళ్ళీ నడక మొదలుపెట్టే రోజు అత్తగారి ముందుకొచ్చి నిలబడింది. "నాకు ఒక్కదాన్నే వెళ్ళాలంటే భయంగా ఉంది అత్తయ్యా. మీరు తోడు రావాలి." ఎవరికి ఎవరు తోడో ఇద్దరికీ తెలుసు. పెద్దావిడ చాలాసేపు గుమ్మం వైపు చూసి, చెప్పులు అడిగారు.

ఎండ అప్పుడే వీధిలోకి దిగుతోంది. పాలబండి వెళ్ళిపోయింది. ఎన్నో ఏళ్ళ తరవాత వీధి చూస్తున్న మనిషి, బిక్కుబిక్కుమంటూ రెండు చేతులతోనూ కోడలి మోచేతిని గట్టిగా పట్టుకున్నారు. ఇద్దరూ మెల్లగా మలుపు దాకా వచ్చారు. నడుము సన్నగా సలపడం మొదలుపెట్టింది. కత్తెరక్క పైకి చెప్పలేదు. పళ్ళ బిగువున ఇంకో అడుగు వెయ్యబోయింది.

సరిగ్గా నొప్పి ఉన్న చోట, వెనకనుంచి ఒక అరచెయ్యి ఆనింది. చిన్న చెయ్యి, వెచ్చగా ఉంది. పడిపోకుండా కాస్త ముందుకి ఊతమిచ్చింది.

కత్తెరక్క ఆగిపోయి తన మోచేతి వైపు చూసుకుంది. అత్తగారి చేతులు రెండూ అక్కడే ఉన్నాయి.

"ఏమిటే అమ్మాయ్, ఆగిపోయావు? నొప్పా?"

ఆవిడ వెనక్కి తిరగలేదు. ఎందుకో భయం కూడా వెయ్యలేదు. కళ్ళు మాత్రం నిండిపోయాయి.

"లేదత్తయ్యా... తగ్గింది. మీరు కాస్త పక్కకి జరిగి నడవండి. ముగ్గురికీ దారి సరిపోతుంది."