ఆరు బటన్లు, నలభై పనులు

"ఇది డిఫెక్టు పీసండీ. వెనక్కి తీసుకోండి."

కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగించే కుర్రాడు జాయ్‌స్టిక్‌ని రిపేరు షాపు కౌంటర్ మీద పెట్టాడు. రెండు రోజుల క్రితం అక్కడే సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. ఏదో వైరుకి టంకం వేస్తున్న మెకానిక్ అమ్మాయి తలెత్తి చూసింది.

"ఏమైంది? బటన్లు పనిచేయట్లేదా?"

"చేస్తున్నాయి. కానీ ఆరే ఉన్నాయి. గేమ్‌లో యుద్ధవిమానం నడపాలంటే నలభై పనులు చెయ్యాలి. ఆరింటితో ఏం చేసుకోను?"

"మీ చేతికి వేళ్ళెన్ని?"

"ఐదు."

"చాలవని మీ అమ్మగారు మిమ్మల్ని వెనక్కిచ్చేశారా?"

నవ్వాపుకుంటుంటే ఆ అమ్మాయి బుగ్గ మీద పడ్డ సొట్ట చూస్తూ, కుర్రాడు ఏ ఫిర్యాదు మీద వచ్చాడో మర్చిపోయాడు.

ఆమె ఒక కాగితం లాగి జాయ్‌స్టిక్ బొమ్మ గీసింది. "శత్రువు మీద పడ్డప్పుడు చెయ్యి కదపడానికి టైముండదు. అప్పుడు కావలసినవే వేళ్ళ కింద పెట్టుకోవాలి. తుపాకీ, మిసైలు, టార్గెట్ మార్చడం. చక్రాలు దించడం, లైట్లు వేయడం లాంటి తీరిక పనులన్నీ కీబోర్డుకి పంపించేయండి."

"అయినా సరిపోవండీ."

"చిటికెన వేలి కింద బటన్ ఉంది చూశారా? దాన్ని నొక్కి పట్టుకుంటే మిగతా ఐదూ ఇంకో పని చేస్తాయి. ఐదూ ఐదూ పది. చాలా?"

చాలన్నాడు. కానీ వారం తిరక్కుండా ఒక డౌటు పట్టుకుని మళ్ళీ వచ్చాడు. ఆ డౌటు నిజమైనదే. ఆ తర్వాతవన్నీ దారిలో కల్పించుకున్నవి.

షాపు ఆ అమ్మాయి మేనత్తది. చిన్నప్పటి నుంచి పెంచింది కూడా ఆవిడే. "ఈ బాబు జాయ్‌స్టిక్‌కి ఎన్ని జబ్బులే!" అని మేనకోడలి చెవిలో అంటే, మేనకోడలు ఏమీ ఎరగనట్టు స్క్రూలు ఏరుకునేది.

మూడు నెలల్లో 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఆదివారం మధ్యాహ్నాలు ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, ఆకాశంలో మాత్రం పక్కపక్కన రెండు విమానాలు నడిపేవాళ్ళు. అతను ఆమెకు 'అద్దాలు'. ఆమె అతనికి 'టంకం'. శత్రువులు కనిపిస్తే కాల్చేవాళ్ళు, లేకపోతే జాయ్‌స్టిక్ మీద మాట్లాడే బటన్ నొక్కి హెడ్‌ఫోన్లో కబుర్లు. శత్రువులు కనిపించకూడదని అద్దాలు మనసులో మొక్కుకునేవాడు.

ఇంతలో టంకానికి ఉద్యోగం వచ్చింది. పైలట్లకు శిక్షణ ఇచ్చే సంస్థలో, అచ్చం కాక్‌పిట్‌లా ఉండే గదుల్లో స్విచ్చులూ లివర్లూ బాగుచేసే పని. ఆరు గంటల ప్రయాణం. కబురు విన్నప్పుడు అద్దాలు "కంగ్రాట్స్" అయితే అన్నాడు గానీ, ఇంటికెళ్ళేదాకా మొహం వేలాడేసుకునే ఉన్నాడు. ఆమె వెళ్ళేలోపు మనసులో మాట చెప్పెయ్యాలనుకున్నాడు. రేపు రేపు అంటూ మూడు వారాలు గడిపేశాడు.

చివరి ఆదివారం వచ్చింది.

"అద్దాలూ, రేపు పొద్దున ఎనిమిదింటికి బస్సు" అంది హెడ్‌ఫోన్లో.

"తెలుసు."

"వెళ్ళేలోపు నాతో ఏమైనా చెప్పాలా? ఉంటే ఇప్పుడే చెప్పు. లేకపోతే లేదని చెప్పు. నేనేం అనుకోను."

ఆ చివరి ముక్క అబద్ధమని ఆమె గొంతే చెబుతోంది. ఇక ఆలస్యం చేయకూడదని జాయ్‌స్టిక్‌ని గట్టిగా పట్టుకుని, మాట్లాడే బటన్ నొక్కాడు.

ధడాల్‌మని విమానం పైకప్పు ఎగిరిపోయింది. సీటుతో సహా గాల్లోకి లేచాడు. పారాచూట్ విచ్చుకుంది. 'పైలట్ విమానం వదిలి దూకేశాడు' అని ఇద్దరి స్క్రీన్ల మీదా పడింది. విమానంతో పాటు మాటలూ తెగిపోయాయి.

వెంటనే ఫోన్ చేశాడు. కట్ చేసింది. మళ్ళీ చేస్తే స్విచాఫ్. జాయ్‌స్టిక్‌ని చొక్కా లోపల పెట్టుకుని, తుంపరలో తడుస్తూ పరిగెత్తాడు.

షాపు పై వాటాలోనే ఇల్లు. మేనత్త తలుపు తీసింది.

"ఆదివారం రిపేర్లు లేవు బాబూ."

"రిపేరు కాదండీ. ఒక్కసారి తనని పిలవండి. రెండే నిమిషాలు."

అతని వాలకం చూసి ఆవిడకి జాలేసింది. ఏమీ అడక్కుండా షాపు తాళాలు తీసి, మేనకోడలిని కిందికి పంపించింది.

ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "చెప్పడం ఇష్టం లేకపోతే లేదనొచ్చుగా. దూకడం దేనికి?"

"నేను దూకలేదు. అదే దూకింది."

"కథలు చెప్పకు. నేను గీసిచ్చిన బొమ్మలో మాట్లాడే పనిని జాయ్‌స్టిక్ కింది పీట మీది బటన్‌కి పెట్టాను, ఎడమ చేతికి. దూకాలంటే చిటికెన వేలూ బొటనవేలూ కలవాలి. పొరపాటున జరిగే పని కాదు."

"నేను మార్చాను."

"ఏం మార్చావ్?"

"మాట్లాడేది బొటనవేలి కిందికి తెచ్చుకున్నాను. నేను ఆ గేమ్‌లో కాల్చేది తక్కువ, నీతో మాట్లాడేది ఎక్కువ. ప్రతిసారీ ఎడమ చెయ్యి జాపడం ఎందుకనిపించింది."

"అయినా చిటికెన వేలు పడందే దూకదుగా?"

"నువ్వలా అడిగేసరికి భయమేసి ఐదు వేళ్ళూ బిగుసుకుపోయాయి."

మెకానిక్ కదా, ఊరికే నమ్మలేదు. బటన్ల అమరికని తనలోనే దాచుకునే ఆ జాయ్‌స్టిక్‌ని షాపు కంప్యూటర్‌కి తగిలించి, ముందు బొటనవేలి బటన్ ఒక్కటే నొక్కితే 'మాట్లాడడం' అని పడింది. తర్వాత చిటికెన వేలు కలిపింది. తెరమీద 'దూకడం' అన్న వరుస వెలిగింది. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. వైరు పీకేసింది.

"చేతులు రెండూ బల్ల మీద పెట్టు. ఇప్పుడు చెప్పు."

పెట్టాడు. 

"నువ్వంటే నాకు ప్రాణం. వెళ్ళొద్దనను. ఆ ఉద్యోగం నీ కష్టానికి వచ్చింది. ఎంత దూరమైనా నేనొస్తూ ఉంటాను. మనం పెళ్ళి చేసుకుందాం."

"నాకూ ప్రాణమే. లేకపోతే సిగ్గు విడిచి అలా ఎందుకడుగుతాను?" అంటూ అతని చేతుల మీద తన చేతులు పెట్టింది.

మెట్ల మీద దగ్గు వినిపించింది. ఇద్దరూ ఉలిక్కిపడి చేతులు తీసేశారు. మేనత్త రెయిలింగ్ పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో తెలియదు.

"రేపు దాన్ని దింపడానికి నేను వెళ్దామనుకున్నా. ఈ మోకాళ్ళతో ఆరు గంటలు కూర్చోలేను. రెండు పెట్టెలూ, ఒక పరుపు చుట్టా ఉన్నాయి. ఏడింటికల్లా వచ్చెయ్. దిగాక గదిలో గడియలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, దాన్ని అక్కడ కుదురుకునేలా చేసి రా."

"నేనాండీ?" అన్నాడు కుర్రాడు బిత్తరపోయి.

"మరి? ఇంట్లో మనిషి ఎవరో ఒకరు వెళ్ళాలిగా."

అతను ఆమె వంక చూశాడు. ఆమె తల దించుకుని నవ్వుతోంది.

"ఆరున్నరకే వస్తానండీ" అన్నాడు.