సీపీయూకు గలీబు

"ఊరందరి పెండ్లిళ్ళు టీవీలల్ల ఆడుతున్నయ్. నా బిడ్డ పెండ్లే ఇంక డబ్బల వడి ఉన్నది" అంది కనకవ్వ, పొయ్యి మీద ఉడుకుతున్న పప్పు వైపు చూస్తూ.

పప్పు ఏమీ అనలేదు. పక్కన ఉల్లిగడ్డలు కోస్తున్న కోడలు అనురాధ కూడా ఏమీ అనలేదు. బతుకమ్మ పండుగ వెళ్ళినప్పటి నుంచి ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోవడం లేదు. కనకవ్వ పప్పుతోనో, చీపురుతోనో మాట్లాడుతుంది. అనురాధ తన భర్త రవీందర్‌తో మాట్లాడుతుంది. రవీందర్ ఇద్దరికీ "ఆఁ" అంటాడు. సిరిసిల్లలో మరమగ్గాల ఇల్లు కాబట్టి ఈ సంగతి వాడకట్టులో ఎవరికీ తెలియదు. ముందు షెడ్డులో నాలుగు మగ్గాలు ఆడుతుంటే, మాటలున్న ఇళ్ళలో కూడా ఏమీ వినబడదు.

గొడవంతా మధ్య గదిలోని కంప్యూటర్ గురించి. అనురాధ దాని మీద పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తుంది. కోరుట్ల, మెట్‌పల్లి స్టూడియోల వాళ్ళు పంపిన పెళ్ళిళ్ళకు తలంబ్రాల దగ్గర పూలు రాలించి, అప్పగింతల దగ్గర ఏడుపు పాట కలిపి తిరిగి పంపుతుంది. ముక్కూ మొహం తెలియని ఆడపిల్లల అప్పగింతలకు ఊళ్ళకు ఊళ్ళను ఏడిపించిన మనిషి, సొంత ఆడబిడ్డ సుస్మిత పెళ్ళి వీడియోను మాత్రం ఇంకా పూర్తి చేయలేదు. ఆ ఉదయమే సుస్మిత జగిత్యాల నుంచి ఫోన్ చేసింది. వచ్చే ఆదివారం శ్రీమంతం. ఆమె అత్త బాలవ్వ గోడంత టీవీ కొని, చుట్టాలందరికీ పెళ్ళి వీడియో చూపిస్తానని చెప్పేసింది.

"వదినె, గీసారి గూడ లేదంటె నా ఇజ్జత్ పోతది" అంది సుస్మిత. "మీ వదినెకు నిజంగ పని అస్తదా, ఉత్తగ కుర్సీల కూసుంటదా అని మా అత్త దినాం అడుగుతున్నది."

"చేస్త సుస్మితా. మిషన్ హ్యాంగ్ అయితున్నది."

"పెండ్లి సంది గదే మాట చెప్తున్నవ్ వదినె…"

అనురాధ జవాబు చెప్పాలంటే మామ గురించి చెప్పాలి.

మామ పరశురాములు, సుస్మిత పెళ్ళయిన నెలన్నరకే పోయాడు. చిన్నప్పటి నుంచి మగ్గాల మధ్యే బతికిన మనిషి… నూలు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందన్నారు. పెళ్ళినాటికే దగ్గుతున్నాడు గాని, బిడ్డ పెళ్ళి కదా, దగ్గు వచ్చినప్పుడల్లా కండువా నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు వెళ్ళొచ్చేవాడు. ఆ పెళ్ళిని పెద్ద కెమెరాలతో తీయించారు. అంత బరువైన వీడియోను అనురాధ పాత కంప్యూటర్ మోయలేకపోయింది. ప్రతిసారీ ఒకే చోట ఆగిపోయేది. మండపం పక్కన సారె సామాను ఉంటుంది. దాని వైపు పరశురాములు ధోతి కుచ్చెళ్ళు పట్టుకుని గబగబా వస్తాడు, ఒక కాలు ఎత్తుతాడు… అంతే. తెర బిగుసుకుపోతుంది. ఆయన కాలు గాల్లో అలాగే ఉండిపోతుంది.

ఆ ముక్క కోసేస్తే వీడియో ఎప్పుడో అయిపోయేది. స్టూడియో వాళ్ళూ అదే చెప్పారు. అనురాధకు చెయ్యి రాలేదు. మనిషి కెమెరాకు దొరికిన ఆఖరి నడకలు అవి. వాటిని కత్తిరించడం కంటే అత్త తిట్లు పడటమే నయం అనుకుంది. ఒకసారి తెర అలా ఆగిపోయినప్పుడు వెనక చెంబు కింద పెట్టిన చప్పుడైంది. తిరిగి చూస్తే కనకవ్వ. గాల్లో ఆగిన కాలును చాలాసేపు చూసింది. "గట్లనే నిలవెట్టినవా" అని ఒక్క మాట అని వెళ్ళిపోయింది. అది బతుకమ్మ నాటి సంగతి. అత్తాకోడళ్ళ మధ్య నేరుగా నడిచిన ఆఖరి మాట కూడా అదే.

సుస్మిత ఫోన్ చేసిన రోజు మధ్యాహ్నమే అనురాధ కోరుట్లలో కంప్యూటర్ల దుకాణం నడిపే శేఖర్‌కు ఫోన్ చేసింది.

"వీడియోను మోసే గ్రాఫిక్స్ కార్డ్ మార్చాలె అక్కా" అన్నాడు శేఖర్. "దాంతోని ఎస్‌ఎంపీఎస్ గూడ మార్చాలె. సీపీయూ లోపట అన్నిటికి కరెంటు పంచే పెట్టె ఉంటది సూడు, గది. పాతది గీ కొత్త కార్డ్‌ను మొయ్యది."

కొనడానికి రవీందర్ వెళ్ళాడు. మగవాళ్ళు వెళ్తే దుకాణాల వాళ్ళు మోసం చేయలేరని ఆ ఇంట్లో ఒక నమ్మకం ఉంది. సాయంత్రం బస్సు దిగి వచ్చినప్పుడు అతని చేతిలో ఒకటే డబ్బా ఉంది.

"ఎస్‌ఎంపీఎస్ ఏది?"

"అక్కరలేదు. ఆడు నాకు అంటగట్ట సూసిండు, నేను దొరుకుతనా" అన్నాడు రవీందర్. "మనింట్ల త్రీఫేజ్ కరెంటున్నది. నాలుగు మగ్గాలు ఆడుతున్నయ్. అరచేతంత ముక్కకు సాలదా?"

"కరెంటు ఇంట్ల ఉంటె సాలదు. డబ్బల ఉండాలె."

"డబ్బ ఇంట్లనే ఉన్నది గదా."

అనురాధ సీపీయూ మూత విప్పి, కొత్త కార్డుకు వైరు పెట్టే చోటు చూపించి, పాత పెట్టె నుంచి అలాంటి వైరే రావడం లేదని చూపించింది. రవీందర్ కాసేపు వంగి చూసి, మగ్గం మోటారు నుంచి ఒక వైరు లాగి జాయింట్ కొడతానన్నాడు. అనురాధ శేఖర్‌కు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

"అన్నా, నీకు దండం వెడుత, గా పని చెయ్యకు" అన్నాడు శేఖర్.

మర్నాడు రవీందర్ మళ్ళీ కోరుట్ల బస్సెక్కాడు. తల్లికి మాత్రం నూలు బేరం మీద వెళ్తున్నానని చెప్పాడు.

రెండూ వచ్చాక అనురాధే బిగించింది. పాత పెట్టె తీసి, కొత్త పెట్టె పెట్టి, వైర్లు కలిపి, కార్డు మీది పల్చటి ప్లాస్టిక్ పొరను లాగబోయింది. రవీందర్ చెయ్యి పట్టుకున్నాడు.

"గది తీయకు. కొత్తగుంటది."

ఆ ఇంట్లో కవరు లేకుండా తిరిగేది మనుషులే. టీవీ రిమోట్‌కు పాలిథిన్ సంచి, దానికి రబ్బరు బ్యాండు. ఫ్రిజ్ మీద గుడ్డ, ఆ గుడ్డ మాసిపోకుండా ఇంకో గుడ్డ. రవీందర్ బండి సీటుకు కవరు, ఆ కవరుకు వానాకాలం కవరు. మగ్గాల దుమ్ము పడే ఇల్లు కాబట్టి అలవాటైంది గాని, దుమ్ము పడని వస్తువులకు కూడా అలవాటైంది. ఇదంతా పరశురాములు పెట్టిన పద్ధతి. రవీందర్ అటు తిరిగినప్పుడు అనురాధ పొర లాగేసింది.

కొత్త ఇనుప సామాను బొట్టు లేకుండా ఉండకూడదు కాబట్టి కనకవ్వ వచ్చి సీపీయూ మూలకు కుంకుమ పెట్టింది. "నువ్వన్న సక్కగ నడువు" అని దానితోనే అని, లోపలికి వెళ్ళింది.

మిషన్ చక్కగానే నడిచింది. మామ కాలెత్తిన ముక్కను మాత్రం అనురాధ ఆడించి చూడలేదు. ఎందుకో ఒక్కతే చూడబుద్ధి కాలేదు… దాన్ని ఉన్నచోట ఉన్నట్టే ఉంచి, మిగతా పెళ్ళంతా సర్దింది. ఇక మొత్తాన్నీ ఒక్క వీడియోగా తయారుచేసే పనిని కంప్యూటర్‌కు అప్పగించి, ఎప్పటిలాగే మధ్యాహ్నం షెడ్డులో నూలు కండెలు చుట్టడానికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి మిషన్ ఆగిపోయి ఉంది. మళ్ళీ కాసేపు పెట్టి చూసింది. తను ఎదురుగా కూర్చున్నంతసేపు నడిచింది. మర్నాడు మొదటి నుంచి పెట్టి షెడ్డుకు వెళ్ళి రాగానే మళ్ళీ ఆగిపోయింది.

"వేడెక్కుతున్నదేమో అక్కా. ఫ్యాన్లు తిరుగుతున్నయా?" అన్నాడు శేఖర్.

"నేను సూసినప్పుడు మంచిగనే తిరుగుతున్నయ్."

రవీందర్ వాస్తు దోషమన్నాడు. టేబుల్‌ను మూల మార్చి తిప్పాడు. దానివల్ల తలుపు సగమే తెరుచుకోవడం మొదలైంది. మిషన్‌లో మార్పు లేదు. కనకవ్వ చీపురుతో ఏమీ అనలేదు. రెండు రోజులుగా ఆమె ఎవరితోనూ ఏమీ అనకుండా ఉండటం ఇంట్లో ఎవరూ గమనించలేదు. ఆదివారం దగ్గరపడింది. ఈసారి కూడా కాకపోతే సుస్మితకు ఏం చెప్పాలి… అత్తకు ఏం చెప్పాలి… ఆయన కాలు అలా గాల్లోనే ఉండిపోవాలా?

శుక్రవారం మధ్యాహ్నం షెడ్డులో కరెంటు పోయింది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కాబట్టి కంప్యూటర్ నడుస్తూనే ఉంటుంది, దాన్ని చూద్దామని అనురాధ కండెలు వదిలి లోపలికి వచ్చింది. సగం తలుపులోంచి ఒదిగి గదిలోకి తల పెట్టింది.

కనకవ్వ నేల మీద కూర్చుని ఉంది. సీపీయూకు తెల్లటి గుడ్డ తొడిగి ఉంది. దిండుకు గలీబు తొడిగినట్టు, నాలుగు వైపులా బిగుతుగా, గాలి చొరకుండా. కనకవ్వ దాని అడుగు అంచు సూదితో కుడుతోంది. ఆ గలీబు లోపల ఫ్యాన్లు రొద పెడుతున్నాయి.

అనురాధ వంగి చెయ్యి పెట్టింది. చురుక్కుమంది. ఇన్ని నెలలుగా మింగిన మాటలన్నీ ఒక్కసారి గొంతు దాకా వచ్చాయి. అప్పుడే గుడ్డలో, అంచు పక్కన, పోగు తప్పిన సన్నటి గీత కనిపించింది.

ఆ గీత ఆమెకు తెలుసు. మామ ఆఖరిసారి మగ్గం మీంచి దించిన గుడ్డ అది. అంతకుముందు ఆయన చేతిలో పోగు తప్పడం ఎవరూ చూడలేదు. ఆ రోజు దగ్గు తెర వచ్చి తప్పింది. కనకవ్వ ఆ గుడ్డను అమ్మనివ్వలేదు. ఎవరినీ ముట్టనివ్వలేదు. పెట్టె అడుగున, కవర్లో పెట్టి దాచుకుంది. ఇప్పుడు దాన్ని కత్తెరతో కత్తిరించి, ఈ డబ్బాకు తొడిగింది.

గొంతులోని మాటలు వెనక్కి వెళ్ళాయి.

"ఎప్పటిసంది కప్పుతున్నవ్ అత్తమ్మా?"

కనకవ్వ తలెత్తలేదు. "నువ్వు షెడ్డుకు వోంగనె కప్పుత. నువ్వచ్చేటాలకు తీస్త. కుట్టుడు అయినంక చెప్దామనుకున్న. మాటలు లేకపాయె, ఎట్ల చెప్పాలె."

"ఎందుకు కప్పినవ్?"

"దుమ్ము గదా బిడ్డా" అంది కనకవ్వ. సూది గుడ్డలోనే ఆగింది. "దుమ్ము లోపటికి వోతె ఏమైతదో నేను కండ్లార సూసిన. మీ మామకు కడకు గుక్క తిరగకపాయె… గీ డబ్బకన్న దుమ్ము వోవద్దు, గిది మంచిగ నడిచి, ఆయనను కాలు కిందవెట్టనియ్యాలె అనుకున్న. ఎన్నొద్దులు నిలవడుతడే గట్ల, ఒంటి కాలు మీద?"

అనురాధ ఆమె పక్కనే కూలబడింది. కళ్ళ నీళ్ళు ఆగలేదు.

"నేను నిలవెట్టలే అత్తమ్మా. మిషన్‌కు బలం లేక ఆగింది. గా ముక్క కోసి పారెయ్యుమన్నరు అందరు. నాకు చెయ్యి రాలే. అందుకే ఇన్నొద్దులు ఆలస్యమైంది."

కనకవ్వ సూది వదిలి కోడలి వైపు తిరిగింది.

"గీ మాట నాకెందుకు చెప్పలే?"

"నువ్వు పప్పుతోని మాట్లాడుతుంటివి గదా."

కనకవ్వ కొంగుతో ముందు కోడలి మొహం తుడిచింది. తర్వాత తనది తుడుచుకుంది. అనురాధ గలీబును మెల్లగా, ఒక్క కుట్టు కూడా తెగకుండా పైకి లాగింది.

"పని చేసేటప్పుడు కప్పద్దు అత్తమ్మా. లోపటి వేడి బయటికి వోవాలె. ఆపినంక, సల్లారినంక కప్పుదాం."

"మరి దుమ్మో?"

"అప్పుడప్పుడు మూత తీసి దులుపుదాం."

"నేను దులుపుత" అంది కనకవ్వ. అయినా మనసు ఒప్పలేదు. లేచి షెడ్డుకు వెళ్ళి, కరెంటు వచ్చినా సరే రేపటిదాకా మగ్గాలు పెట్టొద్దని కొడుకుతో చెప్పింది. రవీందర్ కారణం అడిగి, మొత్తం విని, "నేను ముందే చెప్పిన గదా, కరెంటుది తక్లీఫ్ కాదని" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో చప్పుడు లేదు. వీడియో ఒక్కసారి కూడా ఆగకుండా తయారైంది. సుస్మిత అత్తగారింటికి పంపే ముందు అనురాధ కుర్చీ జరిపి అత్తను కూర్చోబెట్టింది. ఏడాది మైల తీరలేదు కాబట్టి కనకవ్వ శ్రీమంతానికి వెళ్ళదు. ఆమె చూసేది ఇక్కడే.

సారె సామాను వచ్చింది. పరశురాములు వచ్చాడు. కుచ్చెళ్ళు పట్టుకుని కాలెత్తాడు. కనకవ్వ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కాలు దించాడు.

తర్వాతి అడుగు వేశాడు. ఇంకో అడుగు. గబగబా సారె సామానులోని సోఫా దగ్గరికి వెళ్ళాడు. అక్కడ స్టూడియో మనిషి ఒకతను, ఫోటోలో మెరుపు పడుతోందని, సోఫా మీది ప్లాస్టిక్ ఊడదీస్తున్నాడు.

"ఏయ్, గా కవర్ తీయకయ్య" అన్నాడు పరశురాములు. "ఇంటికి వోయినంక గూడ తీయద్దని చెప్పు. కొత్తగుంటది." అంతలోనే కెమెరా తనవైపే ఉందని గమనించి, కండువా సర్దుకుని, సిగ్గుపడి నవ్వాడు.

"గందుకా ఉరికింది" అంది కనకవ్వ. నవ్వింది. ఆయన పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. నవ్వు నవ్వుగానే ఉండి, ఎప్పుడు ఏడుపైందో తెలియలేదు. అనురాధ ఆపలేదు. రవీందర్ ఇన్వర్టర్ చూసొస్తానని బయటికి వెళ్ళి, చాలాసేపటి దాకా రాలేదు.

ఆదివారం సారె పట్టుకుని, పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకుని రవీందర్ ఒక్కడే జగిత్యాల వెళ్ళాడు. అత్త ఒంటరిగా ఉంటుందని అనురాధ వెళ్ళలేదు. సాయంత్రం సుస్మిత ఫోన్ చేసింది. గొంతు ఏడ్చినట్టే ఉంది.

"అందరు ఏడ్సిన్రు వదినె. నాయన కవర్ మాట అనంగనె అందరు మా టీవీ దిక్కు సూసిన్రు. దానికి ఇంక కవర్ తీయలే. బొమ్మ మసక మసకనే అస్తున్నది. మా అత్త సిగ్గువడ్డది."

"తీసిందా మరి?"

"లేదు."

ఫోన్ పెట్టేసి అనురాధ కంప్యూటర్ ఆపింది. అప్పటికే అత్తాకోడళ్ళు ఆ ముక్కను మళ్ళీ మళ్ళీ చూసి ఉన్నారు. కనకవ్వ గలీబును ఒళ్ళో పెట్టుకుని, జ్వరం చూసినట్టు సీపీయూ మీద అరచెయ్యి ఆనించింది.

"కప్పుదామా అత్తమ్మా?"

"ఆగు బిడ్డా. ఇంక వేడిగనే ఉన్నది" అంది కనకవ్వ. "సల్లారనియ్యి."

ఇద్దరూ అది చల్లారేదాకా అక్కడే కూర్చున్నారు.