ఎద్దు ఆఖరి లాగుడు

మా ఓడను నేనూ భీమయ్యా ‘ఎద్దు’ అనేవాళ్ళం. నౌకాదళం వాళ్ళు దానికి గంభీరమైన పేరే పెట్టారు కానీ, మా ఇద్దరు పాలమూరోళ్ళకు అది ఎద్దే. ఇంజన్ చచ్చిన ఓడల్నీ, మంటల్లో కాలిన ఓడల్నీ నడిసముద్రం నుంచి ఒడ్డుకు లాక్కొచ్చే టగ్గు. ముప్పై రెండేళ్ళ సర్వీసులో ఒక్క గుండు పేల్చలేదు. చాకిరీ దానిది, ఫొటోలు వేరే ఓడలవి.

మొన్న ఆషాఢంలో దానికి ఆఖరి పని పడింది. పాడైన ఓడనొకదాన్ని రేవు దాకా లాగేస్తే, ఎద్దు తుక్కుకు పోతుంది. వించి దగ్గర డ్యూటీ భానుప్రకాశ్‌ది. భీమయ్యకు అన్న కొడుకు. వించి అంటే లాగే ఇనుప తాడును చుట్టుకునే పెద్ద డ్రమ్ము. పంతొమ్మిదేళ్ళ కింద దాని బ్రేకు మీద చెయ్యి నాది.

ఆ రోజు తుఫాను. తాడు బిర్రబిగిసిపోయింది. వెనక డెక్కు మీద నుంచి భీమయ్య “జర ఇడువు” అని అరిచాడు. కొంచెమే వదలమని. ‘జర’ గాలికి పోయింది. నాకు ‘ఇడువు’ ఒక్కటే వినిపించింది. బ్రేకు మొత్తం వదిలేశాను. తాడు ఎగిరి అతన్ని సముద్రంలోకి ఈడ్చుకుపోయింది. శవం దొరకలేదు.

వాళ్ళమ్మ ఎంకమ్మకు మాత్రం ఇంకోలా చెప్పాను. ఇడువుమని మొత్తుకున్నా వించి దగ్గరున్నోడు ఇడవలేదని, అందుకే పోయాడని. ఆ ‘వాడు’ ఎవడో చెప్పలేదు. నేనెంత పిరికివాణ్ణో నాకు తెలుసు.

ఆఖరి లాగుడు వీడియో కాల్‌లో అవ్వకు చూపిస్తానని భాను ఫోన్ చేస్తే, రిటైరై ఉంటున్న వీపనగండ్ల నుంచి గద్వాలలో వాళ్ళింటికి పోయి ఆమె పక్కన కూర్చున్నాను. మధ్యాహ్నం మూడైంది. బయట మాడు పగిలే ఎండ. వీడియోలో మాత్రం నల్లటి మబ్బు, వాన, తాడు మూలుగు. భాను నవ్వుతూ అన్నీ చూపించాడు. కాసేపటికి మేం కూర్చున్న గదిలో గ్రీజు వాసన మొదలైంది. ఉప్పునీళ్ళలో నానిన ఇనుము వాసన. ఎంకమ్మ కూడా ముక్కు ఎగబీల్చింది.

“మామా...” భాను గొంతు తగ్గించాడు. “ఎనక డెక్కు మీద ఎవలో ఉన్నరు. ఇడువు అంటుండు. మన మాటల్నే.”

ఆ ఓడలో మన మాట వచ్చినవాడు భాను ఒక్కడే.

“బ్రేకు ముట్టకు. లోపలికి పో.”

“తలుపు తెర్సుకుంటలేదు మామా...”

మళ్ళీ వచ్చింది ఆ గొంతు. ఈసారి నాకూ వినిపించింది.

ఇడువు...

పంతొమ్మిదేళ్ళయినా తల్లికి కొడుకు గొంతు తెలియకుండా పోతుందా. ఎంకమ్మ ఫోను నా చేతిలోంచి లాక్కుంది. ఆమె ముఖంలో అంత సంతోషం నేనెన్నడూ చూడలేదు.

“నీ చిన్నాయనే, బిడ్డా. అప్పుడు వాని మాట ఎవ్వడూ ఇన్లేదు. నువ్వన్న ఇను. ఇడువు.”

“వద్దవ్వా...” అన్నాను.

ఒక్క ముక్క చెప్తే చాలు. చెప్పలేకపోయాను. ఫోను లాక్కుందామంటే చేతులు లేవలేదు. భాను చెయ్యి బ్రేకు మీదికి పోవడం తెర మీద కనిపిస్తూనే ఉంది.

“అప్పుడు ఇడిసింది నేనే అవ్వా. అందుకే పోయిండు...”

చెప్పాను. అప్పటికే తాడు పరుగెత్తే చప్పుడు. ఒక అరుపు. తెర నిండా నీళ్ళు... ఆపైన నలుపు.

ఎంకమ్మ నన్ను తిట్టలేదు. అసలు విన్నదో లేదో. కాల్ ఇంకా తెగలేదు. నిమిషాల అంకెలు మారుతూనే ఉన్నాయి. ఆమె ఫోను చెవికి ఆనించుకుంది. చాలాసేపు విన్నది.

“ఇద్దరూ ఒక్కకాడనే ఉన్నరు,” అంది మెల్లగా. “మాట్లాడుకుంటున్నరు.”

తర్వాత తలెత్తి నా పెదవుల వైపు చూసింది.

“నీ గొంతు గూడ ఇనొస్తుంది రాఘవా. నువ్వు గూడ ఆడ్నే ఉన్నవేంది?”

నేను నోరు మూసుకుని ఆమె పక్కనే కూర్చున్నాను.