ఎనలైజర్‌కి కట్టిన నిమ్మకాయ

అమీర్‌పేటలో, కోచింగ్ బోర్డుల వెనక, మూడో అంతస్తు చివరి గదికి చెడ్డపేరుంది. చీకటి పడితే అక్కడ ఏదో తిరుగుతుందట. నేనా? పంజాగుట్ట శ్మశానంలో పదకొండు దెయ్యాలను ఒక్క దగ్గుతో తరిమినవాణ్ణి. ఈ చిన్నదానికి నేనెందుకని కింద చాయ్ తాగుతూ కూర్చున్నాను. పైన జరిగింది తర్వాత అక్కడ పనిచేసే నూరీన్ చెప్పగా విన్నాను.

ఆ గదిలో రాఘవయ్య గారు రేడియో సర్క్యూట్ బోర్డుల ల్యాబ్ పెట్టారు. గది చెడ్డపేరు ఆయనా విన్నారు కదా — రోజూ చీకటి పడే వేళకి స్పెక్ట్రమ్ ఎనలైజర్ కేబుల్‌కి తాజా నిమ్మకాయ, మిరపకాయలు కట్టేవారు. సిగ్నల్‌లో ఏముందో తెర మీద గీతలుగా చూపించే యంత్రమది. పొద్దున్నే వచ్చి తీసేసేవారు. ఎంత శాస్త్రీయం!

పగలు తెర శుభ్రం. రాత్రయితే — ఎవరూ పిలవని గీత ఒకటి నిటారుగా లేచేది.

ఆ సాయంత్రం బోర్డులు కొనే మంజూష గారు స్వయంగా చూడ్డానికి వస్తున్నారు. గీత లేచిందా, ఆర్డరు పోయినట్టే. బోర్డు తయారుచేసిన నూరీన్ ఉద్యోగమూ పోయినట్టే.

చీకటి పడింది... గీత లేచింది.

"ఏంటమ్మా ఇది?" రాఘవయ్య గారు గుసగుసలాడారు.

నూరీన్ బోర్డుకి కరెంటు తీసేసింది. గీత కదల్లేదు.

"సార్... బోర్డు బందు చేసిన. గీత ఇంకా ఉన్నది."

"ఇంకో నిమ్మకాయ కడదామా?"

"జర ఆగుండ్రి సార్."

యంత్రానికి స్పీకరుంది. ఆ గీతని వినిపించమని మీట నొక్కింది.

గర్‌ర్‌ర్... గదంతా ఆడమనిషి నవ్వు!

రాఘవయ్య గారు కుర్చీ వెనక్కి మాయమయ్యారు.

"హలో హైదరాబాద్! ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారా?"

ఎఫ్ఎం రేడియో.

నూరీన్ కేబుల్ పట్టుకు చూసింది. దాన్ని యంత్రానికి బిగించే కనెక్టర్ నట్టుని ఎవరో వేళ్ళతోనే తిప్పి, బిగించకుండా వదిలేశారు. నిమ్మకాయ బరువుకి అది ఓ పక్కకి వాలిపోయింది.

"ఇది గట్టిగ ఆనకపోతే గాల్ల ఉన్న రేడియోలన్నీ లోపలికి దూరుతయి సార్. పొద్దున కాయ తీస్తరు, మంచిగైతది. మీ దెయ్యాన్ని రోజూ మీరే కడుతున్నరు!"

కాయ తీసి, స్పానర్‌తో నట్టు బిగించింది. టిక్. గీత పడుకుంది.

"చూశావా," కుర్చీ వెనక నుంచి గొంతు, "ఇన్నాళ్ళ నిమ్మకాయలకి ఇవాళ లొంగింది!"

మంజూష గారు వచ్చారు. తెర శుభ్రం. తృప్తిగా తలూపి, ఆర్డరు ఖాయమని చెప్పి, హ్యాండ్‌బ్యాగ్ తెరిచారు.

"మీ గది సంగతి విన్నానండీ... నా వంతుగా ఇది." ఇంత లావు గజనిమ్మకాయ! చెయ్యి కేబుల్ వైపు వెళ్ళింది —

నూరీన్ కేక పెట్టింది.

ఆ గదిలోంచి నిజమైన ఆడమనిషి కేక రావడం అదే మొదటిసారి. చాయ్ కొట్టు దాకా వినిపించింది. భయమా? నాకా? పంజాగుట్టలో ఆ పదకొండింటి యోగక్షేమాలు కనుక్కుందామని పరుగెత్తానంతే.