రెండు ఎంబీ దాటితే "ఓయ్"

మా అనంతగిరి కాఫీ రైతుల సంఘానికి సొంత మెయిల్ సర్వర్ ఉండేదంటే ఇప్పటివాళ్ళు నవ్వుతారు. నవ్వుకోండి. రెండువేల ఏడులో అది షెడ్డు వెనక గదిలో, బస్తాల పక్కన, స్టూలు మీద పెట్టిన ఓ పాత కంప్యూటర్. గదంతా పులిసిన కాఫీ గుజ్జు వాసన. దాన్ని చూసుకునేది ఇద్దరం. ఒకరు నేను, కృపావతిని. రెండోవాడు సైలస్, ఎస్.కోట మిషన్ చర్చి మనిషి. నేను అన్నా అనేదాన్ని, అతను సెల్లీ అనేవాడు. ఉత్తుత్తి వరస కాదు. మా నాన్న పోయినప్పుడు దగ్గరుండి గుంత తవ్వించినవాడు.

తోటల ఫొటోలు తీసి ఊళ్ళనుంచి మా కుర్రాళ్ళు మెయిల్లో పంపేవాళ్ళు. మా లైనేమో నత్తనడక. ఒక్క పెద్ద ఫొటో వస్తే చాలు, అందరి ఉత్తరాలూ ఆగిపోయేవి. అందుకని అటాచ్‌మెంటుకి రెండు ఎంబీ అని లిమిట్ పెట్టాం. అది దాటితే సర్వరే తిప్పికొట్టి, పంపినవాడికి ఓ నోటీసు పంపుతుంది. ఇంగ్లీషు నోటీసు ఎవడికీ ఎక్కలేదు. సైలసే తెలుగులో రాశాడు: "ఓయ్! ఫొటో పెద్దది. తగ్గించి బేగి పంపు. సైలస్." కుర్రాళ్ళు పడీపడీ నవ్వారు.

మా అవ్వ మాత్రం నవ్వలేదు. "మిషను సేత ఓయ్ అనిపించకండర్రా. పిలిసినోడు బతికున్నోడో కాదో దానికేటి తెలుసు?" అంది. మా కొండల్లో అందరికీ తెలిసిందే. చచ్చినోళ్ళు పిలుస్తారు. ఒకసారి పలికితే ఏం కాదు, రెండోసారీ కాదు. మూడోసారి ఓయ్ అంటే వెంట తీసుకుపోతారు. నేను కంప్యూటర్ చదివినదాన్ని కదా, అవ్వ మాట పట్టించుకోలేదు.

ఆ వానల్లోనే జి.మాడుగుల వైపు మా తరఫున తోటలు తిరిగే ధర్మ, పొంగిన గెడ్డ దాటుతూ వరదలో కొట్టుకుపోయాడు. బంగారంలాంటి పిల్లాడు. నాలుగు రోజులు ఎవరం అన్నం సరిగా తినలేదు.

తర్వాతి వారం సైలస్ ఉన్నట్టుండి సెలవు పెట్టాడు. "సర్వర్ నువ్వే సూసుకో సెల్లీ," అని సంచి భుజాన వేసుకుని ఎస్.కోట బస్సెక్కేశాడు. నా మొహం చూడలేదు. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను.

ఆ సాయంత్రం మంచు గుమ్మం దాకా దిగింది. దీపాలవేళ కాకుండానే లైటు వేసుకున్నాను. రేకుల మీద వాన. తెర మీద ఓ లైను కదిలింది.

ధర్మ నుంచి. అటాచ్‌మెంటు లిమిట్ దాటింది. తిప్పికొట్టాం. నోటీసు పంపాం.

ఒళ్ళు మండింది. చచ్చినవాడి పాస్‌వర్డుతో ఆటలాడుతున్న వెధవ ఎవడు? ఏం పంపుతున్నాడో చూద్దామని లిమిట్ ఐదు ఎంబీ చేశాను.

మళ్ళీ వచ్చింది. ఈసారి ఐదు కంటే ఓ పిసరు ఎక్కువ. తిప్పికొట్టాం. నోటీసు పంపాం.

ఐదు చేసిన సంగతి నాకు తప్ప ఎవరికీ తెలీదు...

ఆ నోటీసు తెరిచి చూశాను. "ఓయ్! ఫొటో పెద్దది. తగ్గించి బేగి పంపు." కింద సైలస్ పేరు లేదు. కృపావతి అని ఉంది.

ఆఫీసు గదిలోకి పరిగెత్తి సైలస్‌కి ఫోను కలిపాను.

"నోటీసులో నా పేరెందుకు ఏసినావన్నా?"

గుసగుసగా అన్నాడు. "నా పేరు మీద రెండుసార్లు ఎల్లిపోనాది సెల్లీ. ఆడే... ధర్మే పంపుతున్నాడు. మూడోది నా పేరు మీద ఎల్లకూడదని..."

"నా పేరు మీద ఎల్తే?"

"నాకు పిల్లలున్నారు సెల్లీ. నీకెవరున్నారు సెప్పు?"

ఫోను పెట్టేశాను. నేను అన్నా అని పిలిచిన నోటితో వీణ్ణి ఏం తిట్టాలో తెలియలేదు. తోడబుట్టినవాడు లేడని దేవుడిచ్చాడనుకున్నాను. నన్ను బలికి కట్టిన కోడిపిల్లని చేసి పోయాడు.

వెనక గదిలో మోడెమ్ కూసింది.

వెళ్ళాను. ధర్మ నుంచి... వస్తోంది. రెండు నా పేరు మీద వెళ్ళిపోయాయి. ఇది మూడోది. ప్లగ్గు పీకేశాను. కంప్యూటర్ మీది చిన్న లైటు ఆరింది. తెర ఆరలేదు.

సైలస్ పేరు తిరిగి వేసేద్దామా? వేస్తే వాడి పీడ వాడికే పోతుంది. "సై" దాకా కొట్టాను కూడా. ఎస్.కోటలో వాడి ఇద్దరు పిల్లలు నన్ను చూస్తే అత్తా అని కాళ్ళకి చుట్టుకుంటారు. కొట్టింది చెరిపేశాను.

ఇంకొక్కటే దారి. తిప్పికొడితేనే కదా ఓయ్ అనేది? అసలు లిమిటే లేకపోతే... పలకాల్సిన పని లేదు. కానీ వచ్చేది లోపలికి వచ్చేస్తుంది.

లిమిట్ సున్నా చేశాను. సున్నా అంటే ఎంత పెద్దదైనా రావచ్చు.

వచ్చింది... ఆగకుండా వచ్చింది. అంకెలు పెరుగుతూనే ఉన్నాయి. గుజ్జు వాసన పోయింది. గెడ్డ బురద వాసన. నా మెడ మీద ఎవరో తడి ఊపిరి వదిలారు. కళ్ళు మూసుకున్నాను. నోరు మెదపలేదు.

తెరిచేసరికి తెర నల్లగా ఉంది. గదిలో ఎవరూ లేరు. గడియ పెట్టిన బయటి తలుపు బార్లా తీసి ఉంది.

రెండుసార్లు పలికినవాడు ఇంకొకడున్నాడు. అది ఎటు వెళ్ళిందో నాకు తట్టింది. మళ్ళీ ఫోను దగ్గరికి పరిగెత్తాను. ఈసారి సైలస్ భార్య, రత్న వదిన ఎత్తింది.

"వదినా, అన్న ఏడీ?"

"ఎవరమ్మా మీరు?"

"నేను, కృపని. అన్నని బయటికెళ్ళనీకు..."

"కృపేటి?" అంది వదిన. "కృప మా గుమ్మంలోనే ఉంది కదా. ఇందాక వచ్చింది. ఇక్కడ సినుకు లేదు, అది మాత్రం ముద్దగా తడిసిపోయుంది. ఆయన్ని పిలిస్తే ఓయ్ అని దాంతో కలిసి మలుపు దాకా ఎల్లారు. మళ్ళీ ఒక్కర్తే ఎనక్కొచ్చి పిల్లల్ని పేరు పెట్టి పిలుస్తంది."

"పిల్లల్ని పలకనీకు వదినా! నీకు దండం పెడతాను, వాళ్ళ నోళ్ళు ముయ్యి!"

వదిన నవ్వింది. "ఎవరో గానీ, అచ్చం మా కృపలాగే మాట్లాడుతున్నారు," అని ఎవరితోనో చెప్తూ ఫోను పెట్టేసింది.