ముప్పై ఏడు డిగ్రీలు

"పొద్దున మన ల్యాబ్‌లోంచి ఒక మనిషిని ఎత్తుకుపోయారు," అన్నాడు చీఫ్.

"ఎవర్ని సార్?"

"రెండేళ్ళ క్రితం పోయిన మనిషిని."

ఎప్పుడూ పరుగెత్తడు కనుక ఆ ఏజెంటును ఆఫీసులో అందరూ నిదానం అంటారు. చీఫ్ ఫోటో ముందుకు తోశాడు. వేలెడంత గాజు గొట్టం. గులాబీ రంగు ద్రవంలో చొక్కా బొత్తామంత తెల్లటి బిళ్ళ.

"స్కాఫోల్డ్. ఇంటికి పరంజా కట్టినట్టు. దాన్నిండా హైడ్రోజెల్ అనే మెత్తటి జిగురు, అందులో బతికున్న కణాలు. మోకాట్లో పెడితే అరిగిన మృదులాస్థి మళ్ళీ పెరుగుతుంది. కణాలు నీ పార్ట్‌నర్‌వి, పోయినప్పుడు తీసి పెంచినవి."

నిదానం ఫోటో చేతిలోకి తీసుకున్నాడు. రెండేళ్ళ క్రితం కారు మీద జరిగిన కాల్పుల్లో పార్ట్‌నర్ పోయాడు. వెనక సీట్లోని కూతురికి మోకాలు నుజ్జయింది. ఆ పిల్లకే ఈ మధ్యాహ్నం పన్నెండింటికి ఆపరేషన్. ఇంకో బిళ్ళ లేదు.

"ఎవరి పని?"

"అత్తరు అని మారుపేరున్న ఏజెంటు. మనకీ విదేశీ ముఠాకీ రెండు వైపులా పనిచేస్తోంది. మూడు నెలలుగా మన ల్యాబ్‌లో టెక్నీషియన్. అప్పుడు ముఠాకి కారు రూటు చెప్పింది కూడా ఆవిడేనేమో."

ల్యాబ్ నడిపేది పార్ట్‌నర్ భార్యే. ఆమె ఫోన్ చేసింది. "మరిదిగారూ, అది చల్లబడితే చచ్చిపోతుంది. ముప్పై ఏడు డిగ్రీలుండాలి. కరెంటు పోతే మేం చంకలో పెట్టుకుని కూర్చుంటాం."

ఎయిర్‌పోర్టు. పదకొండుంబావు. నిదానం వీల్‌చెయిర్ తోసేవాడి యూనిఫాంలో ఉన్నాడు. సెక్యూరిటీవాళ్ళు ముఠా మనిషిని పట్టుకుని ఐస్ బాక్సు తెరిచారు. మంచు ముక్కల మధ్య గొట్టం!

"దొరికింది, వచ్చెయ్!" చెవిలో చీఫ్.

"ల్యాబ్‌లో పనిచేసిన మనిషి దీన్ని ఐస్‌లో పెట్టదు సార్. ఇది దొంగది."

క్యూ చివర నల్లకళ్ళద్దాలు, ఖరీదైన కోటు. స్కార్ఫ్ జారి కింద పడినా ఆమె ఎడమ చెయ్యి పక్కటెముకలకు అంటుకునే ఉంది.

వీల్‌చెయిర్ ఆమె పక్కన ఆగింది. "భుజం నొప్పా మేడమ్?"

అత్తరు మొహం పాలిపోయింది. "నువ్వా! నీ చావు నువ్వు చావక..."

"రూటు చెప్పింది నువ్వేనా?"

ఆమె చూపు తిప్పుకుంది. "రోజు విడిచి రోజు ద్రవం మార్చేదాన్ని. మైక్రోస్కోపులో చూస్తే ఆయన నన్నే చూస్తున్నట్టుండేది."

"అమ్ముకోడానికి కాపాడావా, పాపభీతికా?"

"ఏమో. చెయ్యి మాత్రం ఎత్తలేకపోయాను."

ఇప్పుడు ఎత్తింది. చంకలోని గొట్టం వెచ్చగా ఉంది. సెక్యూరిటీవాళ్ళు ఆమె మణికట్లకు సంకెళ్ళు వేశారు.

కార్లో నిదానం గొట్టాన్ని చంకలో అదిమిపట్టాడు. అక్కడ కొట్టుకుంటున్నది తన నాడేనా? ఆత్మ వెళ్ళిపోయిందని దణ్ణం పెట్టి సాగనంపాం కదా దేవుడా, మరి ఇందులో పెరుగుతున్నదెవరు? పార్ట్‌నర్ కూర్చునే పక్క సీటు వైపు చూడడానికి ధైర్యం చాలలేదు.

పన్నెండుకు ఒక్క నిమిషం. ఆపరేషన్ థియేటర్ గుమ్మంలో వదిన గొట్టాన్ని రెండు చేతులా అందుకుంది. లోపలికెళ్ళి మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది.

"బతికే ఉన్నాడు," అంది. సిగ్గుపడి, "కణాలు బాగున్నాయి," అని తలుపు మూసుకుంది.

బయటికి వెళ్తుంటే ఆసుపత్రి గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "రిజిస్టర్ రాయకుండా లోపలికి దూసుకుపోయారేంటి సార్? ఎంతమంది వచ్చారో రాయండి."

నిదానం రెండు అని రాశాడు.

వాచ్‌మన్ ఖాళీ కారులోకి తొంగిచూశాడు. "రెండో ఆయనేరీ?"

"ఆపరేషన్‌కి వెళ్ళాడు. ఇక ఇటు రాడు, కూతురి కాలితో నడుస్తాడు."