సరుగుడు రాటల కింద నెట్ జీరో

"బంగారురాజూ, రేపు మధ్యాహ్నం పన్నెండులోపు పని అయిపోవాలి. పన్నెండు దాటితే మన చేతిలో ఏమీ ఉండదు," అన్నాడు చీఫ్ ఫోన్లో.

పాతికేళ్ళుగా ఇదే పాట. 'నింపాదిగా వచ్చే వారం చూడవయ్యా' అని ఏ చీఫూ అన్న పాపాన పోలేదు. ఏజెంట్ బంగారురాజు మోకాళ్ళకి నూనె రాసుకుంటూ బ్రీఫింగ్ విన్నాడు.

త్రినేత్ర కోల్ కంపెనీ కొత్తగా మూడు గనులు తవ్వుతోంది. ఇంకోపక్క నెట్ జీరో అని, అంటే వదిలిన పొగకి సరిపడా చెట్లు పెంచి లెక్క సున్నా చేస్తానని, లోకానికి మాటిచ్చింది. బొగ్గు తగ్గించడం కష్టం, కాగితం మీద అడవి పెంచడం సులువు! వోస్ అనే విదేశీ బ్రోకర్ నడిపే ముఠా ఆ అడవిని పుట్టించింది. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల రైతుల తోటలనే కంపెనీ నాటిన అడవిగా చూపించింది. 'ఉచిత మొక్కల పథకం' అని చెప్పి ఇంగ్లీషు బాండ్ల మీద రైతుల సంతకాలు తీసుకుంది. రేపు పన్నెండింటికి విజయనగరం సభలో వాటి మీద విదేశీ ఆడిటర్ సంతకం పడిందా, ఆ చెట్ల మీద నలభై ఏళ్ళు గొడ్డలి పడకూడదు.

"వోస్ ముఠాలో మన మనిషి అర్చన ఉంది. తోటల ఒరిజినల్ డేటా పెన్‌డ్రైవ్‌లో ఇస్తుంది," అని చీఫ్ ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే విజయనగరం మైదానంలో, సభ పందిట్లో, బంగారురాజు పందిరి కూలీ. లుంగీ, తలపాగా, కళ్ళజోడులో కెమెరా. చెమటకి అద్దాలు మసకేసి కెమెరాకీ ఏమీ కనపడటం లేదు, అతనికీ కనపడటం లేదు. ఖర్మ!

"ఏటి మావా, అలగ నిలబడిపోనావు? ఆ రాట పట్టు!" అని అరిచాడు పందిరి కాంట్రాక్టర్ దాలయ్య. కాసేపటికి తనే మెత్తబడి బీడీ ఇచ్చాడు. "కోప్పడకు మావా. మా ఆడదానికి కిడ్నీలు పోనాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్. వచ్చే నెల నా సరుగుడు తోట కొట్టితేగానీ ఊపిరాడదు."

"ఉచిత మొక్కల కాగితం మీద సంతకం పెట్టావా?"

"ఊరంతా పెట్టీసినారు, నానూ పెట్టీసినాను. ఏటైనాది?"

బంగారురాజు బీడీ ఆర్పేసి ఇంకో రాట ఎత్తుకున్నాడు.

పదకొండున్నరకి నీలం పట్టుచీరలో అర్చన వచ్చింది. పందిట్లో మగాళ్ళంతా పని ఆపారు.

"భోజనాల్లో పనసపొట్టు కూర ఉందా?" అన్నాడతను, కోడ్ ప్రకారం.

"ఆవపెట్టి చేశారు," అంటూ పెన్‌డ్రైవ్ అతని చేతిలో జారవిడిచి వెళ్ళింది.

వంటశాల వెనక్కి పోయి ఫోనుకి తగిలించాడు. ఖాళీ! తలెత్తితే ఎదురుగా అర్చనే.

"ఏమనుకోకండి రాజుగారూ. రెండు పక్కలా పనిచేసి అలిసిపోయాను. వోస్ పక్కనే ఉండిపోదామనుకున్నాను."

కోపం రావాలి. రాలేదు. అంత ఓపిక ఎక్కడిది?

పదకొండు యాభై. వేదిక మీద వోస్ చిరునవ్వులు పంచుతున్నాడు. నెరిసిన జుట్టు ఆడిటరమ్మ బాండ్ల కట్ట ముందు పెన్ను మూత తీసింది. బంగారురాజు ఓ రాటకి జారగిలబడ్డాడు. భుజానికి ఏదో గుచ్చుకుంది. తిరిగి చూస్తే రాటకి మేకుతో కొట్టిన పచ్చరేకు. దాని మీద కంపెనీ పేరు, చెట్టు నంబరు, క్యూఆర్ కోడ్.

"దాలయ్యా, ఈ రేకు పీకలేదేం?"

"రేకు పీకితే మేకూ ఊడొస్తాది మావా. మేకుంటే తోరణం కట్టుకోడానికి పనికొస్తాది. అన్ని రాటలకీ అలగే ఉంచీసినాను."

"ఎక్కడివీ రాటలు?"

"పూసపాటిరేగ కాడ మా బావ తోటవి. మొన్ననే కొట్టీసినాడు. సరుగుడు నాలుగేళ్ళకి కొట్టరేటి? బొట్టెట్టి పూజ సేస్తారేటి?"

బంగారురాజు మోకాళ్ళ నొప్పి మర్చిపోయి పరిగెత్తాడు. సెక్యూరిటీవాడు తలపాగా పట్టుకున్నాడు, తలపాగా వాడికే వదిలేశాడు. ఒక్క ఉరుకులో వేదికెక్కి, అక్కడి రాట చూపిస్తూ ఇంగ్లీషులో అన్నాడు: "మేడమ్, సంతకానికి ముందు ఈ రాటని ఒక్కసారి స్కాన్ చెయ్యండి!"

లుంగీ కూలీ నోట ఆ ఇంగ్లీషుకి ఆవిడ తెల్లబోయింది. తన ఫోను రేకు దగ్గర పెట్టింది. టింగ్! 'ఆరోగ్యంగా ఎదుగుతున్న చెట్టు. స్థలం: పూసపాటిరేగ. నలభై ఏళ్ళ సంరక్షణలో ఉంది.' ఆవిడ రాటని తట్టి చూసింది. పక్కదాన్ని స్కాన్ చేసింది. టింగ్! దాని పక్కది. టింగ్!

"టెక్నికల్ ఎర్రర్..." అన్నాడు వోస్.

"మీ అడవి కిందే కూర్చున్నాను మిస్టర్ వోస్," అని ఆవిడ పెన్నుకి మూత పెట్టింది. టైము పదకొండు యాభై తొమ్మిది.

గేటు దగ్గర చీఫ్ మనుషులు వోస్‌నీ, అర్చననీ జీపెక్కించారు. గనుల్లో తవ్వకం మాత్రం ఆ పూట కూడా ఆగలేదు. ఆ సంగతి బంగారురాజుకి తెలుసు. అయినా దాలయ్య భుజం మీద చెయ్యేశాడు.

"ఇక నీ తోట నువ్వు కొట్టుకోవచ్చు దాలయ్యా."

దాలయ్య ఎగాదిగా చూశాడు. "నా తోట నాను కొట్టుకోడానికి నీ పర్మిషనేటి మావా?"

ఫోన్ మోగింది. "శభాష్! మూడింటి ఫ్లైటుకి ఢిల్లీ వచ్చెయ్," అన్నాడు చీఫ్.

"కుదరదు సార్," అన్నాడు బంగారురాజు. "పందిరి విప్పేదాకా కాంట్రాక్టర్ వదలనంటున్నాడు."